అశోక్‌నగర్ నాలా నుంచి వాడరేవు దాకా: గాలం విశేషాలు

హుస్సేన్‌సాగర్ నిండిందంటే మొదట కంగారుపడేది అశోక్‌నగర్, దోమల్‌గూడ వాసులే. 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన ఆ చెరువు మిగులు నీరు లోయర్ ట్యాంక్‌బండ్ దాటి, దోమల్‌గూడ, అశోక్‌నగర్ పక్కగా బాగ్‌లింగంపల్లి, నల్లకుంటల మీదుగా వెళ్ళి మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టు 24న ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు ఈ నాలా పక్కనున్న కాలనీలు మునిగాయి. ఇవాళ దాన్ని మురికి కాలువ అనే పిలుస్తున్నాం. పుట్టుకతో మాత్రం అది మత్తడి వాగు. తెలంగాణ పల్లెల్లో చెరువు మత్తడి దుంకితే ఊరంతా వలలు, బుట్టలు పట్టుకుని అక్కడికే పరిగెత్తుతుంది. కొత్త నీటి వాసన తగిలిన చేప ప్రవాహానికి ఎదురెక్కుతుంది కాబట్టి. గాలం వేసేవాడు నేర్చుకునే మొదటి పాఠం ఇదే: నీరు ఎటు నుంచి వస్తోందో ముందు చూడాలి.

నడిచి వెళ్ళేంత దూరంలో చేపల బడి

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి ముషీరాబాద్ వైపు కాస్త దూరం వెళితే రాంనగర్ చేపల మార్కెట్. చేపలను గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే నగరంలో దీన్ని మించిన బడి లేదని నా నమ్మకం. తెల్లవారకముందే ఐసు పెట్టెలతో లారీలు దిగుతాయి. బొచ్చె, రవ్వ, మోసు, బంగారు తీగ, వాలుగ, జెల్ల ఒకవైపు. వంజరం, చందువ, పండుగప్ప ఇంకోవైపు. మంచినీటి చేపను, ఉప్పునీటి చేపను ఒకే బండ మీద పెట్టి పోల్చిచూసే అవకాశం సముద్రం లేని ఊళ్ళో ఇక్కడే దొరుకుతుంది. నోరు పైకి తిరిగి ఉందా, కిందికి వంగి ఉందా, మీసాలున్నాయా, పళ్ళు ఎలా ఉన్నాయి అన్నది ఓపికగా చూస్తే, ఆ చేప ఏం తింటుందో, దానికి ఏ ఎర పెట్టాలో సగం తెలిసిపోతుంది.

మృగశిర నాడు సముద్రం సెలవులో ఉంటుంది

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. ఆ రోజు చేప తినాలన్నది మన ఆచారం. రాంనగర్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. అయితే తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవల వేట నిషేధం. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు నిషేధం. రెండు తీరాల్లో నిషేధం కలిసివచ్చే ఆ రెండు వారాల్లోనే మృగశిర పడుతుంది. కాబట్టి ఆ రోజు మన పళ్ళెంలోకి వచ్చేది ఎక్కువగా చెరువు చేపే. సముద్రపు చేప గుడ్లు పెట్టే సమయంలో దాన్ని వదిలేసి చెరువు చేప తినే ఏర్పాటు కావాలని పెట్టుకున్నట్టే కుదిరింది.

కొర్రమీను: నీళ్ళలోనూ మునిగి చచ్చే చేప

తెలంగాణ రాష్ట్ర చేప ఏది? అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లలను నిద్రలో లేపి అడిగినా కొర్రమీను అని చెబుతారు. పల్లెల్లో బొమ్మె అంటారు. దాని అసలు విశేషం మాత్రం పరీక్షలో అడగరు. దీనికి మొప్పలతో పాటు తల లోపల గాలిని పీల్చుకునే అర కూడా ఉంది. మొప్పల శ్వాస ఒక్కటే దానికి చాలదు. మధ్య మధ్య పైకి వచ్చి గాలి పీల్చి తీరాలి. పైకి రానివ్వకుండా వలలో బిగించి నీటి అడుగున ఉంచితే ఊపిరాడక చనిపోతుంది. మార్కెట్లో తొట్టిలో నాలుగు వేళ్ళ నీళ్ళున్నా అది గంటల తరబడి బతికి ఉండేది కూడా ఈ గాలి అర వల్లే.

గాలం వేసేవాళ్ళకు కొర్రమీనంటే ఎందుకంత పిచ్చి? గుర్రపుడెక్క, తామరాకుల సందుల్లో కదలకుండా మాటువేస్తుంది. కప్ప ఆకు మీద నుంచి దూకగానే నీరు పగిలినంత చప్పుడుతో అందుకుంటుంది. అందుకే ఇప్పుడు రబ్బరు కప్పల ఎరలు వచ్చాయి. కొక్కెం మొనలు ఆ కప్ప ఒంటికి ఆనుకుని ఉంటాయి కాబట్టి నాచులో చిక్కుకోవు, చేప నోరు మూసినప్పుడే బయటపడతాయి. సజీవ కప్పను హింసించే పాత పద్ధతి కంటే ఇది అన్నివిధాలా మేలు.

వానాకాలంలో చెరువు అంచున ఎర్రటి, నారింజ రంగు చుక్కల గుంపు ఒకటి ఉడుకుతున్న నీళ్ళలా పైకీ కిందికీ ఆడుతుంటే, అవి కొర్రమీను పిల్లలు. వాటి అడుగునే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ గుంపు దగ్గర ఏం కదిలినా అవి ఆకలితో కాక కోపంతో కరుస్తాయి. పట్టడం తేలిక. ఆ తేలికే పాపం. పెద్ద చేప పోయిన గంటలోనే మిగతా చేపలు పిల్లలను ఏరుకుని తింటాయి. పిల్లల గుంపు మీద గాలం వేసేవాణ్ణి నేను వేటగాడిగా లెక్కించను.

ఏటా మృగశిరకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఆస్తమా రోగులకిచ్చే చేప ప్రసాదంలో వాడేది కూడా కొర్రమీను పిల్లనే. రెండు మూడు అంగుళాల బతికున్న పిల్లను మందు ముద్దతో కలిపి మింగిస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. ఆ మందు పనిచేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. జనం మాత్రం దేశం నలుమూలల నుంచీ వస్తారు.

ఇక్కడ రాష్ట్ర చేప, అక్కడ నేరస్థ చేప

మన కొర్రమీనుకు చైనా వైపు దాయాది ఒకటుంది. 2002లో అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం క్రాఫ్టన్ అనే ఊరి కుంటలో అది కనిపించగానే అక్కడి అధికారులు కుంట మొత్తానికి మందు కొట్టి చంపారు. రెండేళ్ళకల్లా పొటోమాక్ నదిలో కనబడింది. అప్పటి నుంచి పట్టినవాళ్ళు తిరిగి నీళ్ళలో వదలొద్దు, చంపి తినండి అని అక్కడి చేపల శాఖ బతిమాలుతోంది. జనం తినేలా చేయడానికి 2024లో మేరీలాండ్ దాని పేరును చెసపీక్ చన్నా అని మార్చింది. ఆ చుట్టుపక్కల వర్జీనియా, మేరీలాండ్‌లలో తెలుగువాళ్ళు వేలమంది ఉన్నారు. కొర్రమీను పులుసు పెట్టడం వచ్చినవాళ్ళకు వేరే ప్రచారం అక్కర్లేదు.

చెరువు మూడంతస్తుల ఇల్లు

బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీళ్ళలో తింటుంది. రవ్వ నడిమి నీళ్ళలో తిరుగుతుంది, దాని పెదవులకు అంచు కుట్టినట్టు కుచ్చులుంటాయి. మోసు అడుగున బురదలో వెతుక్కుంటుంది. మూడింటినీ ఒకే చెరువులో పెంచేది అందుకే. ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డురాదు. గాలం వేసేవాడికి దీని అర్థం ఏమిటంటే, బెండుకీ కొక్కేనికీ మధ్య దారం ఎంత వదలాలన్నది చేపను బట్టి మారాలి. ఒకే లోతులో రోజంతా ఎర వేలాడదీసి చెరువులో చేపల్లేవని వచ్చేసేవాళ్ళు చాలామంది. ఎర మార్చకముందు లోతు మార్చండి. గోధుమపిండి, పల్లిచెక్క, కాస్త బెల్లం కలిపిన ముద్ద ఈ మూడింటికీ నచ్చుతుంది. జెల్లకు, మార్పుకు వానపాము కావాలి. వాలుగ అయితే చిన్న చేపనే అడుగుతుంది, దాని పళ్ళకు నైలాన్ దారం తెగిపోతుంది కాబట్టి కొక్కెం దగ్గర సన్నని ఉక్కు తీగ కట్టుకోవాలి.

చెవులు కనిపించవు, వినికిడి గట్టిది

రవ్వ, బొచ్చె, జెల్ల కుటుంబాల చేపల్లో గాలితిత్తి నుంచి లోపలి చెవి వరకు చిన్న చిన్న ఎముకల వరుస ఉంటుంది. తిత్తి మీద పడ్డ కంపనాన్ని ఆ ఎముకలు చెవికి చేరవేస్తాయి. గట్టు మీద మన మాటలు గాలిలోనే చాలావరకు ఆగిపోతాయి గాని, బూటు కాలితో దభీమని అడుగేస్తే అది మట్టిలోంచి నీళ్ళలోకి పోతుంది. మాట్లాడుకోవచ్చు, దుమకకూడదు. జెల్ల సంగతి ఇంకా విచిత్రం. దానికి రుచి తెలిసే మొగ్గలు నోట్లోనే కాదు, మీసాల మీద, ఒంటి మీద కూడా ఉంటాయి. చిమ్మచీకట్లో, బురదనీళ్ళలో ఎరను వెతికి పట్టుకునేది అలాగే.

ఆ చేప ఎవరిది?

ఇది గాలం సరదా ఉన్న ప్రతివాళ్ళూ తెలుసుకోవలసిన సంగతి. బొచ్చె, రవ్వ, మోసు గుడ్లు పెట్టాలంటే వరద నీరు పారే నది కావాలి. నిలిచిన చెరువులో అవి మామూలుగా పిల్లలు పెట్టవు. ఒకప్పుడు పిల్లలను నదుల్లోంచి ఏరి తెచ్చేవారు. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి ఒడిశాలో పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి చెరువు చేపల చేత గుడ్లు పెట్టించారు. దేశంలో చేపల పెంపకం తీరే మారిపోయింది. జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకునేది అందుకే. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలుపెట్టింది.

అంటే నగరం చుట్టూ ఉన్న ఏ చెరువులోనైనా మీ గాలానికి పడ్డ రవ్వ దానంతటదే పుట్టింది కాదు. ఎవరో వదిలారు, ఎవరో కాపలా కాశారు. చాలా చెరువుల్లో వేట హక్కు ఊరి మత్స్యకారుల సహకార సంఘానిది. ముదిరాజులకు, గంగపుత్రులకు అది బతుకుదెరువు. మనకు ఆదివారపు సంతోషం. ముందు సంఘం పెద్దను కలిసి, "అన్నా, ఇక్కడ గాలం వేసుకోవచ్చా" అని అడిగి, చెప్పిన రుసుము కట్టి కూర్చోవడం మర్యాద. అడిగితే కాదనేవాళ్ళు తక్కువే. పైగా ఏ మూల లోతుందో, నిన్న ఏ చేప పడిందో కూడా చెబుతారు.

తెల్లవారుజాము, మబ్బు, తొలివాన

పగలు నాచు ఎండలో ప్రాణవాయువును తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు ప్రాణవాయువును పీల్చుకుంటుంది. కాబట్టి నాచు పట్టిన చెరువులో సూర్యోదయానికి ముందు ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువ. మబ్బు పట్టిన రోజుల్లో మరీ తక్కువ. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ కనిపిస్తే ఆకలిగా ఉన్నాయని సంబరపడొద్దు. ఊపిరాడక అల్లాడుతున్నాయి. అప్పుడు ఎర ముట్టవు, మనం గాలం వేయనూ కూడదు. నగర చెరువుల్లో తొలి వానకు చేపలు తెల్లగా తేలేది ఇందుకే. వీధుల మురుగంతా ఒక్కసారిగా చెరువులోకి వచ్చి ఉన్న కాస్త ప్రాణవాయువునూ తినేస్తుంది. ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చిన హుస్సేన్‌సాగర్ కూడా ఈ చేపల చావులు చూసింది. ఆ నీళ్ళలో చేప దొరికినా తినేందుకు తెచ్చుకోవద్దన్నది నా గట్టి మాట.

గాలం మీద అధ్యాయం రాసిన రాజు

గాలం వేట దొరల దగ్గర నేర్చుకున్నదనే అభిప్రాయం మనలో పాతుకుపోయింది. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ తన ప్రసిద్ధ గ్రంథం అచ్చువేసింది 1653లో. దానికి ఐదు వందల ఏళ్ళకు పైగా ముందే, 12వ శతాబ్దంలో, కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో మానసోల్లాసం రాశాడు. రాజు తెలుసుకోవలసిన విద్యలూ వినోదాలూ అన్నీ అందులో ఉన్నాయి. వాటిలో ఒకటి మత్స్యవినోదం, అచ్చంగా గాలం వేట. సుమారు 35 రకాల చేపలను పేర్కొని, ఏవి సముద్రానివి, ఏవి నదివి, పొలుసులున్నవేవి, లేనివేవి, దేనికి ఏ మేత పెట్టాలి అని చెబుతుంది. జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ అధ్యాయాన్ని వివరంగా పరిశీలించి ప్రకటించారు. ఆ రాజధాని కల్యాణి ఎక్కడో కాదు. హైదరాబాద్ నుంచి ముంబై వెళ్ళే దారిలో, బీదర్ జిల్లాలో, ఇప్పటి బసవకల్యాణ్. ఆ రాజుల ఏలుబడిలో తెలంగాణ ప్రాంతమూ ఉండేది. మన నేల మీది వేట విద్యకు ఇంత పాత పుస్తకం ఉందని గాలం పట్టిన ప్రతి కుర్రవాడికీ చెప్పాలి.

120 పౌన్ల మహసీర్

దక్షిణాది నదుల్లో గాలం వేటకు రారాజు మహసీర్. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 1873లో రాసిన 'ది రాడ్ ఇన్ ఇండియా' ఎక్కువగా దీని మోజులోనే సాగుతుంది. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ కావేరి ఉపనది కబినిలో పట్టిన మహసీర్ బరువు 120 పౌన్లు, అంటే సుమారు 54 కిలోలు. ఆ కావేరి మూపురపు మహసీర్ ఇప్పుడు అంతరించిపోయే అంచున ఉంది. 2018లో గాని దాని శాస్త్రీయ నామం తేలలేదు. ప్రపంచమంతా దాన్ని పట్టి ఫొటోలు దిగింది, పేరు మాత్రం తేల్చుకోలేదు. లోనావాలా దగ్గర టాటా విద్యుత్ సంస్థ 1970ల నుంచి దక్కను మహసీర్ పిల్లలను పెంచి నదుల్లో వదులుతోంది.

తాగని చేప, తాగే చేప

మంచినీటి చేప నీళ్ళు తాగదనే చెప్పాలి. దాని ఒంట్లోని ఉప్పు కోసం బయటి నీరు మొప్పల నుంచి తనంతట తానే లోపలికి వస్తుంటుంది. వచ్చిన నీటిని పలచని మూత్రంగా పోస్తూనే ఉంటుంది. సముద్రపు చేపది తలకిందుల కష్టం. చుట్టూ ఉప్పు ఎక్కువ, ఒంట్లోని నీరు బయటికి పోతుంటుంది. అందుకని అది సముద్రాన్ని తాగుతుంది, అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటికి తోస్తుంది. రెండు నీళ్ళలోనూ బతకగల చేపలు ఈ యంత్రాన్ని తిప్పి నడపగలవు. మన దగ్గర పండుగప్ప, పులస అలాంటివి.

సామాను విషయంలోనూ ఇదే తేడా. చెరువు దగ్గర పదేళ్ళు పనిచేసే రీలు ఒక్కసారి సముద్రానికి తీసుకెళ్ళి కడగకుండా పెడితే తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. వచ్చిన రాత్రే మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి.

పోటు, పాటు

హైదరాబాద్ నుంచి చీరాల పక్క వాడరేవుకో, బాపట్ల పక్క సూర్యలంకకో రాత్రి రైలెక్కి పోయేవాళ్ళు పంచాంగం చూసుకుని వెళ్ళాలి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరు గంటల పైచిలుకు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ, అష్టమి ప్రాంతంలో తక్కువ. నీరు కదిలే వేళ చేప మేతకు దిగుతుంది, నిలబడ్డ నీటిలో బద్ధకిస్తుంది. ఒడ్డున వల లాగే పల్లెకారులను అడిగితే ఇవాళ నీరు ఎప్పుడు తిరుగుతుందో ఏ యాప్ కన్నా ముందు చెబుతారు.

మగగా పుట్టి ఆడగా మారే పండుగప్ప

పండుగప్ప మొదట మగచేప. కొన్నేళ్ళు గడిచి ఒళ్ళు పెరిగాక ఆడదవుతుంది. నదిలో, బురదనీటి పాయల్లో పెరిగి గుడ్లు పెట్టడానికి సముద్రం వైపు వెళుతుంది. పులస దీనికి సరిగ్గా ఎదురు, సముద్రం నుంచి గోదావరికి వస్తుంది. పులస తినేది నీటిలోని సూక్ష్మజీవులను కాబట్టి గాలం వైపు చూడదు, దానికి వలే గతి. పండుగప్ప మాత్రం గాలానికి పడ్డాక నీటిలోంచి పైకెగిరి తల విదిలిస్తుంది. అదే చేప ఆస్ట్రేలియాలో బారముండి. క్వీన్స్‌లాండ్‌లో 58 సెంటీమీటర్ల లోపుదాన్నీ, 120 సెంటీమీటర్లు దాటినదాన్నీ తిరిగి వదలాలి. చిన్నది ఎదగాలి, పెద్దది గుడ్లు పెట్టే తల్లి. ఇంత తెలివైన నిబంధన మన చెరువులకూ రావాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

పరదేశంలో గాలం

డాలస్‌లో స్థిరపడ్డ మన పిల్లలు గాలం పట్టాలంటే ముందు లైసెన్సు తీసుకోవాలి. టెక్సస్‌లో 17 ఏళ్ళు నిండినవాళ్ళకు అది తప్పనిసరి. మంచినీటికి ఒక అనుమతి, ఉప్పునీటికి ఇంకొకటి. సింగపూర్ జలాశయాల్లో నిర్ణయించిన చోట్లే గాలం వేయాలి, అదీ కృత్రిమ ఎరతోనే. వానపాము పెట్టినా తప్పే.

మరికొన్ని

1900 పారిస్ ఒలింపిక్స్ సమయంలో సీన్ నదిలో గాలం పోటీలు జరిగాయి, అధికారిక క్రీడగా మాత్రం లెక్కలోకి రాలేదు.

1953 ఆగస్టు 4న పెరూ తీరంలో ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ గాలానికి పడ్డ బ్లాక్ మార్లిన్ బరువు 1,560 పౌన్లు. 700 కిలోలు దాటింది.

1897లో వచ్చిన భారత మత్స్య చట్టం చేపల కోసం నీళ్ళలో మందుగుండు పేల్చడాన్ని, విషం కలపడాన్ని నేరం చేసింది. అదే ఏడాది ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ దోమ పిల్లలను తినడానికి 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చిన గంబూసియా చేపలను నగర చెరువుల్లో ఇప్పటికీ వదులుతున్నారు.

ఆఫ్రికా మార్పు చేప పెంపకాన్ని మన దేశంలో 2000లో నిషేధించారు. దొరికితే తిరిగి చెరువులో వదలకండి. అక్వేరియంలో పెరిగి పెద్దదైన సక్కర్ చేపను జాలిపడి చెరువులో పోయడమూ అంతే చేటు. అక్కడి మన చేపల గుడ్లు మిగలవు.

గట్టు మీద ఏం వదిలి వస్తున్నారు?

తెగిన నైలాన్ దారం వందల ఏళ్ళు చివకదు. కొంగల కాళ్ళకు, నీటికోళ్ళ మెడకు చుట్టుకుంటుంది. సీసపు గుండ్లు మింగి హంసలు చనిపోతున్నాయని బ్రిటన్ 1987లో వాటిలో చాలా సైజులను నిషేధించింది. గుండ్రని కొక్కెం వాడితే చేపకు పెదవి మూలనే గుచ్చుకుంటుంది, తీసి వదిలినా బతుకుతుంది. వదిలే చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి. పొడి చెయ్యి దాని ఒంటి జిగురును తుడిచేస్తుంది, ఆ జిగురే దానికి రోగాల నుంచి రక్ష.

ఈసారి చెరువుకు వెళ్ళేటప్పుడు సంచిలో ఎరతో పాటు ఒక ఖాళీ డబ్బా పెట్టుకోండి. మీ దారం ముక్కలే కాదు, మీకంటే ముందు కూర్చున్నవాళ్ళవి కూడా ఏరి తెచ్చేయండి. సంఘం అన్నను అడిగి కూర్చోండి, పిల్లల గుంపున్న కొర్రమీనును వదిలేయండి.